శీతాకాలం దాటాక జింకలు చిక్కిపోవడం నట్టల వల్లేనా?

మంచు కరిగాక కనిపించిన జింకల్లో కొన్నింటికి పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయని, ఒకదానికి తోక కిందంతా పారుడు అంటుకుని ఉందని రాశారు, మేతలో నట్టల మందు కలిపి పెట్టొచ్చా అని అడిగారు. మందు పెట్టకండి, మేత కూడా పెట్టకండి. ఎందుకో చెప్తాను.

మంచు పడే అడవుల్లో చనిపోయిన జింకలను కోసి పరీక్షించే బృందంతో కొన్నేళ్లు పనిచేశాను, పశువైద్యుడి పక్కనుండి నమూనాలు తీసేవాణ్ని. చలికాలం చివర్లో చనిపోయిన జింక కడుపులో పురుగులు దొరకడం వింతేమీ కాదు, బాగా బలిసి ఉన్నవాటిలోనూ కొన్ని ఉంటాయి. అందుకే పురుగులున్నాయా లేవా అన్నదానికన్నా, ఇన్నాళ్లూ వాటిని తట్టుకున్న జింక ఇప్పుడెందుకు తట్టుకోలేకపోతోంది అన్నదే అసలు ప్రశ్న అని నా అభిప్రాయం. చాలాసార్లు దానికి జవాబు ఆకలి.

చలికాలంలో జింక తక్కువ తింటుంది, ఒంట్లో ఖర్చు కూడా తగ్గించుకుంటుంది, చలికి ముందు పట్టిన కొవ్వును కరిగించుకుంటూ నెట్టుకొస్తుంది. వీపు మీదా తుంటి మీదా ఉన్న కొవ్వు ముందు పోతుంది, తర్వాత మూత్రపిండాల చుట్టూ ఉన్నది, అన్నిటికన్నా చివర ఎముకలోని మూలుగ. మేం తొడ ఎముక పగలగొట్టి చూసేవాళ్లం. బాగున్న జింకలో మూలుగ తెల్లగా, గట్టిగా ఉంటుంది. ఆకలితో పోయినదాంట్లో ఎర్రగా, నీళ్లనీళ్లగా, జెల్లీలా ఉంటుంది, అది చూశాక ఇక ఏ రిపోర్టూ అక్కర్లేదనిపించేది. మగవి జతకట్టే కాలంలోనే బాగా బరువు తగ్గి చలికాలంలోకి వస్తాయి. చూడితో ఉన్న ఆడవాటికి, కొవ్వంతా అయిపోయిన సమయానికే కడుపులో పిల్ల వేగంగా పెరగడం మొదలవుతుంది. కిందటేడు పుట్టిన పిల్లలకు అసలు కొవ్వే తక్కువ, పురుగులను తట్టుకునే శక్తీ ఇంకా సరిగా రాలేదు, అందుకే ముందు పోయేవి ఎక్కువగా అవే.

సరిగ్గా అప్పుడే నట్టలు విజృంభిస్తాయి. చలికి ముందు గడ్డితో పాటు లోపలికి వెళ్లిన పిల్ల పురుగులు నాలుగో పొట్ట (జింక కడుపులోని నాలుగు గదుల్లో చివరిది) గోడలో ఎదగకుండా ఆగిపోయి, చలి తగ్గే వేళకి మళ్లీ ఎదిగి గుంపుగా బయటికొస్తాయి. ఆ పొట్టను తిరగేసి కడిగితే లోపలి పొర మీద చిన్నచిన్న బొడిపెలు చేతికి తగిలేవి, వెంట్రుకంత సన్నని గోధుమరంగు పురుగులు అంటుకుని ఉండేవి, ఒక్కోటి సెంటీమీటరు కూడా ఉండదు. ఆమ్లం తయారుచేసే గ్రంథులు వాటివల్ల దెబ్బతింటాయి, దాంతో తిన్నదాంట్లో మాంసకృత్తులు సరిగా అరగవు, ఆకలి మందగిస్తుంది, పారుడు మొదలవుతుంది. ఊపిరితిత్తుల్లో పురుగులుంటే దగ్గు, కార్జపు జలగలు ఎక్కువైతే రక్తహీనత, కొన్నిసార్లు దవడ కింద నీరు దిగడం. ముక్కులో ఈగ లార్వాలుంటే తుమ్ముతూ తల విదిలిస్తుంటాయి, చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ ప్రాణం మీదికి రావడం అరుదు.

దూరంనుంచి చూసి పొరబడే విషయాలు రెండున్నాయి. చలికాలపు బొచ్చు ఊడేటప్పుడు బాగున్న జింక కూడా రోగిష్టిలా కనిపిస్తుంది. కొత్త చిగుళ్లు, పచ్చగడ్డి తినగానే పెంటికలు మెత్తబడతాయి, అదొక్కటే చూసి జబ్బనుకోకండి. తుంటి ఎముకలు పొడుచుకొచ్చి, డొక్కలు లోపలికి పోయి, మనిషి దగ్గరికెళ్లినా కదలకుండా నిలబడితే అప్పుడు టెన్షన్ పడాలి. ఒక్కటే అలా ఉంటే దాని వయసు, పళ్లు, గాయాలు ఏదైనా కారణం కావచ్చు. మందలో సగం అలా ఉంటే ఆ అడవిలో మేతకు మించి జింకలున్నాయేమోనని అనుమానించాలి. జింకలు కిక్కిరిసినచోట పురుగులూ ఎక్కువవుతాయి కాబట్టి, అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో ఈ విషయం తేల్చడానికే నాలుగో పొట్టలో పురుగులను లెక్కపెట్టే పద్ధతి వాడుతూ వచ్చారు. ఇక చొంగ కారుస్తూ, తూలుతూ, అయినవారిని వదిలేసి ఒంటరిగా తిరిగే బక్క జింకైతే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ (జింకల మెదడును దెబ్బతీసి చంపే అంటురోగం) కావచ్చు. దీన్ని మొదట 1967లో కొలరాడోలో గుర్తించారు, చికిత్స లేదు. దాన్ని ముట్టుకోవద్దు, వెంటనే వన్యప్రాణి అధికారులకు చెప్పండి.

మేత ఎందుకు వద్దంటున్నానంటే, చలికాలమంతా కొమ్మలూ బెరడూ నమిలిన జింక పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు వాటికే అలవాటుపడి ఉంటాయి. ఒక్కసారిగా మొక్కజొన్న పోస్తే లోపల ఆమ్లం పెరిగిపోయి, నిండు కడుపుతోనే చచ్చిపోతుంది, అలా పోయినవాటిని కోసినప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది, ఎవరో మంచి మనసుతోనే పోసి ఉంటారు కదా. పైగా ఒకేచోట గుమిగూడితే ఒకదాని పెంటికల నుంచి మరోదానికి పురుగులు పాకుతాయి. మందు సంగతికొస్తే, బలంగా ఉన్నదే ముందుకు తోసుకొచ్చి ఎక్కువ తింటుంది, బక్కదానికి అందదు. అందినా మళ్లీ అదే గడ్డి మేస్తుంది. అరకొర డోసుతో మందుకు లొంగని పురుగులు తయారవుతాయి.

మీరు చేయగలిగింది, వాటిని పరిగెత్తనివ్వకపోవడం. కుక్కను గొలుసుతో పట్టుకోండి, ఫొటో కోసం వెంటపడకండి, ఈ రోజుల్లో ఒక్క పరుగు కూడా వాటికి భారమే. దూరంనుంచి ఫొటో, తేదీ, చోటు రాసుకుని అధికారులకు పంపండి. వాళ్లు అడిగితే తాజా పెంటికలు గ్లవ్స్‌తో తీసి ఫ్రిజ్‌లో ఉంచండి, గడ్డకట్టించకండి. పెంటికల్లో పురుగుల గుడ్లు తక్కువ కనిపించాయని రిపోర్టు వస్తే పురుగుల్లేవని అనుకోకండి, పొట్ట గోడలో ఆగి ఉన్నవి ఇంకా గుడ్లు పెట్టవు.