పై వాటా, పడమటి గోడ, నిద్ర లేని రాత్రులు

ప్రశ్న: మాది విజయవాడ కృష్ణలంకలో అద్దె ఇల్లు, మూడంతస్తుల భవనంలో పై వాటా. పగలు ఎలాగో గడుస్తోంది కానీ అర్ధరాత్రి దాటినా నిద్ర పట్టడం లేదు. కూలర్ కొన్నాం. పెట్టిన గంటకల్లా ఒళ్లంతా జిగటగా అవుతోంది. ఏసీ పెట్టించే స్తోమత లేదు. డెబ్బై దాటిన మా అమ్మ మాతోనే ఉంటుంది, రక్తపోటుకు మాత్రలు వాడుతుంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, ఈ రాత్రి తొమ్మిదింటికి ఫ్యాను ఆపి, స్టూలు ఎక్కి పైకప్పుకు అరచెయ్యి ఆనించి చూడండి. సూర్యుడు దిగి రెండు గంటలు దాటినా శ్లాబు ఇంకా వెచ్చగానే ఉంటుంది. పగలంతా తాగిన వేడిని కాంక్రీటు సాయంత్రం నుంచి మెల్లగా కిందికి వదులుతుంది. సీలింగ్ ఫ్యాను ఆ వేడిగాలినే మీ మంచాల మీదికి తోస్తుంది. ఇళ్లు కట్టించడమే వృత్తిగా బతికినవాడిగా చెబుతున్నాను: మీరు చల్లబరచవలసింది గదిని కాదు, శ్లాబును.

దానికి తెల్లసున్నం చాలు. డాబా ఊడ్చి, కడిగి, ఆరనివ్వండి. సున్నాన్ని నానబెట్టి వడకట్టి, కాస్త జిగురు కలిపి, పొద్దువాలాక కుంచెతో రెండు పూతలు వేయించండి. ఎండలో వేస్తే పట్టు దొరక్కముందే ఎండి, పొడిపొడిగా రాలిపోతుంది. వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేయాలి. వడియాలు పెట్టుకునే మూల మాత్రం వదిలేయండి. తెల్లటి కప్పు కింద గది వేడి 2 నుంచి 5 డిగ్రీల వరకు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది కూడా ఇందుకే. ఇల్లు మీది కాకపోయినా యజమానిని అడగండి. ఎండకు వ్యాకోచించి, రాత్రికి సంకోచించి బీటలు వారే శ్లాబుకూ ఇది మేలే అని చెప్పండి. డాబా మీద బకెట్లకొద్దీ నీళ్లు కుమ్మరించడం మాత్రం నాకు నచ్చదు. బీటల్లో నీరు దిగితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది.

పడమటి కిటికీకి లోపల ఎంత మందపాటి కర్టెన్ వేసినా, వేడి అద్దం దాటి వచ్చేసినట్టే. వెదురు చాప గానీ షేడ్ నెట్ గానీ బయటి వైపు కట్టండి. పొద్దున ఎండ ముదరకముందే కిటికీలు మూసి, బయటి గాలి చల్లబడ్డాక తెరవండి.

ఇక కూలర్. అది నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీరు అంతగా ఆవిరి కాదు, గాలి చల్లబడదు, ఉన్న తేమ మాత్రం ఇంకా పెరుగుతుంది. మీరు తలుపులన్నీ మూసి పెట్టి ఉంటారు. దాని వీపు కిటికీ బయటికి ఉండేలా పెట్టి, ఎదురుగా ఉన్న తలుపో కిటికీయో కొంత తెరిచి ఉంచండి. పడమటి నుంచి పొడి వడగాలి వీచే రోజుల్లో విజయవాడలోనూ కూలర్ బాగా పనిచేస్తుంది. సముద్రపు తేమ వచ్చి ఉక్కపోసే రాత్రి పంపు ఆపేసి, ఫ్యాను ఒక్కటే నడపండి. హైదరాబాదులో ఉన్న చుట్టాలు అదే కూలరును మెచ్చుకుంటే ఆశ్చర్యపోకండి, అక్కడి గాలి ఇంకా పొడిగా ఉంటుంది.

మీ అమ్మగారి సంగతి వీటన్నిటికంటే ముఖ్యం. పెద్దవయసులో దాహం అంతగా తెలియదు. అడిగే దాకా ఆగకుండా పలుచని మజ్జిగ, రాగి జావ, నీళ్లు కొద్దికొద్దిగా ఇస్తూ ఉండండి. రక్తపోటు మాత్రల్లో కొన్ని ఒంట్లోని నీటిని మూత్రంగా బయటికి పంపుతాయి. ఎండాకాలానికి మోతాదు మార్చాలా, మజ్జిగలో ఉప్పు ఎంత వేయవచ్చు అన్నది డాక్టరును అడగండి, సొంతంగా మాత్ర ఆపవద్దు. మధ్యాహ్నం కింది వాటాలో ఎవరైనా ఉంటే ఆమెను అక్కడ కూర్చోబెట్టండి. మొహమాటపడకండి. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ఆమె మాట తడబడినా, మనుషులను పోల్చుకోలేకపోయినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే అనుకోండి. వెంటనే 108కి ఫోను చేయండి. అంబులెన్సు వచ్చేలోగా నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి ఫ్యాను గాలి తగలనివ్వండి. మెడకు, చంకలకు తడిగుడ్డలు పెట్టండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు మాత్రం పోయకండి.