అన్ని రోజులు పనిచేసినా కార్మిక కార్డు ఎందుకు రాదు?

నగరాల్లో ఇళ్లు కట్టే వలస కూలీలకు ఇన్ని పథకాలుండగా, చాలామంది కార్మిక కార్డైనా ఎందుకు తీసుకోరని అడిగారు. తెలియకపోవడమో బద్ధకమో అనుకుంటారు చాలామంది. ఒక మేస్త్రీ దగ్గర రెండేళ్లు హాజరు రాసినవాడిని. నాకు కనిపించిన కారణం వేరు: పనిచేశామని చూపించే కాగితం వాళ్ల దగ్గర ఉండదు.

అప్పట్లో అమల్లో ఉన్న 1996 నాటి చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండి 60 దాటనివారు, గడిచిన 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉంటే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకుని కార్మిక కార్డు తీసుకోవచ్చు. మావాళ్లలో 90 రోజులు దాటనివారే లేరు. ఆ రోజులన్నీ నా జేబులోని చిన్న డైరీలో ఉండేవి. పూర్తి రోజుకు నిలువు గీత, ఒంటిపూటకు అడ్డగీత, పక్కన వారం ఖర్చులకు ఇచ్చిన డబ్బు. ఇంటిపేర్లు ఉండేవి కావు. ఒకే పేరున్న ముగ్గురిని పొడుగు, చిన్న, సెంట్రింగ్ అని రాసుకునేవాడిని. పండగకు ఊరెళ్లేముందు లెక్క తేల్చి, మేస్త్రీ ఆ పేజీ చింపేసేవాడు. బాకీ తీరిందనడానికి అదే గుర్తు. ఆ మనిషి ఆరు నెలల పనికి ఉన్న ఆధారమూ దాంతోనే పోయేది.

ఒకతను 90 రోజులు పనిచేశాడని రాసిచ్చే ధ్రువపత్రం కోసం తిరిగాడు. "నువ్వు మేస్త్రీ మనిషివి, నాకేం సంబంధం?" అన్నాడట కాంట్రాక్టరు. "సంతకం పెడితే రేపు ఏదైనా జరిగినప్పుడు నా మెడకు చుట్టుకుంటుంది" అన్నాడు మేస్త్రీ. అడ్వాన్సు తీసుకుని వచ్చినవాడు అంతకుమించి గట్టిగా అడగలేడు. నేనైనా అతని తరఫున మాట్లాడలేదు, ఉద్యోగం పోతుందని భయం.

ఉచిత వసతి, వంటకూ స్నానానికీ వేరే చోటు ఇవ్వాలని కూడా ఆ చట్టంలోనే ఉండేది. మేం ఇచ్చినవి రేకుల గదులు. వేసవి రాత్రుల్లో ఆ వేడికి తట్టుకోలేక, తాము కడుతున్న మేడలోనే ఇంకా గోడలు కట్టని అంతస్తులో పడుకునేవారు.

నిర్మాణ ఖర్చులో కనీసం 1 శాతం సెస్సు, అంటే ప్రత్యేక పన్ను, ఈ కూలీల పేరు మీదే వసూలై సంక్షేమ నిధికి చేరేది. 2020 లాక్‌డౌన్‌లో ఆ నిధి నుంచి సాయం ప్రకటించినా, అది పేరు నమోదైనవారికే. మావాళ్లకు ఒక్కరికీ రాలేదు.

మీకు తెలిసిన కూలీలుంటే, హాజరు పేజీని వారం వారం ఫోనులో ఫొటో తీసుకోమనండి. కొన్ని రాష్ట్రాల్లో నమోదైన కార్మిక సంఘం ఇచ్చే ధ్రువపత్రం కూడా చెల్లుతుంది, కాంట్రాక్టరు కాదన్నప్పుడు అక్కడికి వెళ్లమనండి. ఫొటో మాత్రం పండగ లెక్కకు ముందే తీయాలి.