వారానికి రెండు గంటల స్నేహం చదువుకు అడ్డమవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతోంది. వైకల్యం ఉన్నవాళ్లతో వారానికోసారి స్నేహంగా గడపడానికి వాలంటీర్లు కావాలని మా ప్రాంతంలోని ఒక స్వచ్ఛంద సంస్థ అడిగితే పేరిచ్చేసింది. తన చదువుకూ దీనికీ సంబంధమే లేదు. ఆ రెండు గంటల్లో ఏదైనా కోర్సు నేర్చుకోమంటే వినడం లేదు. ఇలాంటి సేవ చేసిన అనుభవం కూడా లేదు. పంపమంటారా? రేపు ఉద్యోగానికి ఇదేమైనా పనికొస్తుందా? – ఒక తల్లి

జవాబు: పంపండమ్మా. ఉద్యోగం మాట మాత్రం ఇప్పుడే తన చెవిన వేయకండి. సర్టిఫికెట్ కోసం చేరినవాళ్లు అది చేతికి రాగానే మానేస్తారు. అవతల ఎదురుచూసే మనిషికి అది చాలా బాధ కలిగిస్తుంది.

అనుభవం లేదని బెంగపెట్టుకోకండి. మందులివ్వడం, లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం వాలంటీరు పనులు కావు. వాటికి ఇంట్లోవాళ్లో, శిక్షణ పొందినవాళ్లో ఉంటారు. మీ అమ్మాయి చేయాల్సింది కబుర్లు చెప్పుకోవడం, కలిసి నడవడం, లైబ్రరీకో సినిమాకో వెళ్లడం, ఇద్దరికీ నచ్చిన ఆట ఆడుకోవడం. ఇంతేనా అనిపించవచ్చు. కానీ వైకల్యం ఉన్న చాలామంది జీవితాల్లో ఇదే కరువు. డాక్టరు వస్తారు, థెరపిస్టు వస్తారు, సహాయకులు వస్తారు. ప్రతి ఒక్కరికీ ఒక పని ఉంటుంది, అది అయ్యాక వెళ్లిపోతారు. ఏ పనీ లేకుండా, 'నీతో కాసేపు కూర్చోవాలని వచ్చాను' అనేవాళ్లు ఎంతమంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచ జనాభాలో సుమారు 16 శాతం మందికి, అంటే దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరికి, చెప్పుకోదగ్గ వైకల్యం ఉంది. మరి మన స్నేహితుల్లో అలాంటివాళ్లు ఎందరున్నారో లెక్కేసుకుంటే, వాళ్లు మనకు ఎంత దూరంగా ఉండిపోతున్నారో తెలుస్తుంది. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్య సమితి 2006లో ఆమోదించిన ఒడంబడికలో 19వ అధికరణం సమాజంలో అందరితో కలిసి బతికే హక్కు గురించి, 30వ అధికరణం సాంస్కృతిక జీవితంలో, వినోదంలో, క్రీడల్లో పాల్గొనే హక్కు గురించి చెబుతాయి. చట్టం మెట్ల పక్కన ర్యాంపు కట్టించగలదు. ఆ ర్యాంపు దాటి లోపలికి వచ్చినవాళ్లతో కలిసి నవ్వే మనిషిని మాత్రం తీసుకురాలేదు. అందుకే ఒకరికి ఒకరిని జతచేసే కార్యక్రమాలు పుట్టాయి. మేధో వైకల్యం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ స్నేహం కలపడానికి 1989లో ఆంథోనీ శ్రైవర్ అమెరికాలో స్థాపించిన బెస్ట్ బడ్డీస్ అలాంటిదే. ఇప్పుడది ఎన్నో దేశాల్లో పనిచేస్తోంది.

ఇక అమ్మాయికి మీరు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. పక్కన ఎవరున్నా మాట్లాడేది ఆ వ్యక్తితోనే. 'ఈయన టీ తాగుతారా?' అని వాళ్ల అమ్మను అడగడం చాలా చిన్నబుచ్చే పని. అడగకుండా వీల్‌చైర్ తోయకూడదు, దాని మీద చేయి ఆనించకూడదు, అది వాళ్ల శరీరంలో భాగం లాంటిది. చూపు లేనివారిని చేయి పట్టి లాగకుండా తన మోచేయి అందిస్తే వాళ్లే పట్టుకుంటారు. గదిలోంచి వెళ్లేటప్పుడు వెళ్తున్నానని చెప్పాలి, లేకపోతే వాళ్లు ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉండిపోతారు. మాట స్పష్టంగా రానివారు చెప్పింది అర్థం కాకపోతే తలూపేయకుండా 'మళ్లీ చెప్పరా' అని అడగాలి. తలూపితే వాళ్లకు తెలిసిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ముప్ఫై ఏళ్ల మనిషికి మేధో వైకల్యం ఉన్నంత మాత్రాన ఆయనతో పసిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడకూడదు.

ఆ సంస్థను మీరూ పరీక్షించండి. వాలంటీర్ల వివరాలు, నేపథ్యం సరిచూస్తారా? మొదట్లో కలయికలు అందరూ తిరిగే చోట్ల జరుగుతాయా? ఇబ్బంది వస్తే ఫోన్ చేయడానికి సమన్వయకర్త ఉన్నారా? వీటికి సరైన జవాబు రాకపోతే ఇంకో సంస్థను వెతకండి. డబ్బు ఇవ్వడం, తీసుకోవడం వద్దు. అనుమతి లేకుండా ఫొటోలు తీయొద్దు, సోషల్ మీడియాలో అసలే పెట్టొద్దు. ఎవరో కొడుతున్నారని, భయపెడుతున్నారని ఆ వ్యక్తి చెబితే 'ఎవరికీ చెప్పను' అని మాటివ్వకుండా వెంటనే సమన్వయకర్తకు చెప్పాలి.

చదువుతో సంబంధం లేదన్నారు. ఆ మాటతో నేను ఏకీభవించను. చూపు లేని స్నేహితురాలు, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో ఫోన్ వాడుతుంటే పక్కన కూర్చుంటే చాలు, పేరు పెట్టని ఒక్క బటన్ దగ్గర ఆమె ఎలా ఆగిపోతుందో అర్థమవుతుంది. ఉచితంగా దొరికే ఎన్‌విడిఎ అనే స్క్రీన్ రీడర్ పని 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ మొదలుపెట్టారు, జేమ్స్ టె ఆయనతో కలిశారు. ఇద్దరికీ చూపు లేదు, ఇద్దరూ ప్రోగ్రామర్లే. వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 1999లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి మీద పనిచేసే ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్ రంగంలోనే ఉన్నాయి. ఇవేవీ నచ్చక ఆమె మనసు మనుషుల వైపు మళ్లితే స్పెషల్ ఎడ్యుకేషన్, ఆక్యుపేషనల్ థెరపీ, స్పీచ్ థెరపీ, సైగభాష అనువాదం ఉన్నాయి. ఒక్క విషయంలో జాగ్రత్త. స్నేహితురాలిని తన ప్రాజెక్టుకు పరీక్ష వస్తువుగా వాడుకోకూడదు. యాప్ చూసి అభిప్రాయం చెప్పమంటే తప్పులేదు, ప్రతి కలయికా అదే అయితే స్నేహం మిగలదు.

రెజ్యూమేలో రాసుకోవచ్చు. ఎన్ని నెలలు, వారానికి ఎన్ని గంటలు, ఏం చేసేది, ఉన్నదున్నట్టు రెండు లైన్లు చాలు. ఆ వ్యక్తి పేరు, వైకల్యం వివరాలు రాయకూడదు. ఇంటర్వ్యూలో అడిగితే 'పాపం, సాయం చేశాను' అనే ధోరణి వద్దు. ఒకరి మాట ఓపికగా వినడం ఎలా అలవాటైందో చెబితే అడిగినవాళ్లకు గుర్తుంటుంది.

చదువు దెబ్బతినకుండా ఉండాలంటే మొదట తక్కువ ఒప్పుకోమనండి. వారానికి రెండు గంటలు కష్టమైతే రెండు వారాలకోసారి చాలు, ఒప్పుకున్న రోజు మాత్రం తప్పకూడదు. పరీక్షల షెడ్యూల్ రాగానే స్నేహితురాలికి చెప్పి, ఆ వారాల్లో పది నిమిషాల ఫోన్ కాల్‌తో సరిపెట్టుకోవచ్చు. చదువు పూర్తయి వేరే ఊరు వెళ్లాల్సి వస్తే చివరి రోజు హఠాత్తుగా చెప్పకుండా ఒకటి రెండు నెలల ముందే చెప్పాలి. ఆ తర్వాత ఫోన్లో మాట్లాడుకోవాలో వద్దో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలి. కొత్త వాలంటీరును వెతకడానికి సమన్వయకర్తకూ అంత సమయం కావాలి.