ఊరియా బతికే ఉన్నాడు

"దేవుని దగ్గర పాపం ఎన్నోసార్లు ఒప్పుకున్నాను, అయినా మనసుకి సమాధానం, నెమ్మది లేదు, ఎందుకు?" అని ఒకరు నన్ను అడిగారు. విశ్వాసం చాలకే అని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. వెళ్లాల్సిన గడప ఒకటి మిగిలిపోయి ఉంటుంది.

1998లో నాకు 19 ఏళ్లు. రేపల్లెలో మా పిన్ని ఇంట్లో ఉండి చదువుకునేవాణ్ణి. నెలనెలా చీటీ డబ్బు 500 నా చేతికిచ్చి కట్టి రమ్మనేది. రెండు నెలలు కట్టకుండా వాడేసుకున్నాను. లెక్క దగ్గర తేడా వస్తే, కట్టానని బైబిలు మీద చెయ్యేసి చెప్పాను. చీటీ నడిపే ఆవిడే రాసుకోలేదని పిన్ని నమ్మి, నడివీధిలో నిలబెట్టి అడిగింది. ఆవిడ ఏడుస్తూ వెయ్యి రూపాయలు సొంత డబ్బు తెచ్చిచ్చింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత ఎన్ని ఉపవాసాలో. బైబిల్లో దావీదు రాజు పశ్చాత్తాప ప్రార్థన, 51వ కీర్తన, కంఠతా వచ్చేసింది. "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అన్న చోట నాకు ఎంతో ఊరటగా ఉండేది. దేవుడికి చెప్పేశాను కదా, ఇక ఎవరికీ చెప్పక్కర్లేదని. దావీదు చేసిన పాపం ఊరియా భార్యని చేర్చుకోవడం, అతణ్ణి యుద్ధంలో చంపించడం. కానీ ఆ మాట అనేటప్పటికి ఊరియా చచ్చిపోయాడు. వెళ్లి కాళ్లు పట్టుకుందామన్నా మనిషి లేడు. నా ఊరియా రేపల్లెలో బతికే ఉంది.

మారుమనసు గురించి చర్చిలో మనం చెప్పే సాక్ష్యాలు చూడండి. తాగేవాణ్ణి, సినిమాలకి తిరిగేవాణ్ణి అని మైకులో చెబుతాం. ఫలానా వాళ్ల డబ్బు తిన్నాను, తిరిగిచ్చి వచ్చాను అన్న సాక్ష్యం నేను ఇంతవరకూ వినలేదు. రక్షణ, అంటే పాపం నుంచి విడుదల, దేవుని కృప వల్లనే, మన క్రియల వల్ల కాదు. లూథరన్ ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ మాట ఉగ్గుపాలతో వచ్చింది. కానీ పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాకే కదా ప్రభువు "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్నాడు!

2011లో ఒక బల్ల ఆదివారం, అంటే ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే రోజు, పాస్టరు అయ్యగారు మత్తయి సువార్త 5వ అధ్యాయం చదివారు. సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్న మాట. మోకరించినవాణ్ణి లేచి బయటికొచ్చేశాను. సంఖ్యాకాండం 5లో చెప్పినట్టు అసలుకి ఐదోవంతు కలిపి, 1200 జేబులో పెట్టుకుని రేపల్లె బస్సెక్కాను.

ముందు పిన్నికి చెప్పి డబ్బు చేతిలో పెట్టాను. చాలాసేపు మాట్లాడలేదు. "నాకెందుకురా ఇది? నేను పోగొట్టుకుందేముంది? పద" అని చెప్పులేసుకుంది. 13 ఏళ్లుగా చీటీ ఆవిడ గుమ్మం తొక్కని మనిషి.

ఆవిడ వాకిట్లో గోంగూర ఆకు తుంపుతోంది. చెప్పాను. తలెత్తకుండానే విని, "ఆ తర్వాత నా దగ్గర ఎవరూ చీటీ వెయ్యలేదు బాబూ" అంది. దానికి ఐదోవంతు ఎంతని కట్టను? డబ్బు తీసుకుని లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది. క్షమించాననలేదు.

పిన్ని అక్కడితో వదల్లేదు. అప్పట్లో తను ఎవరెవరి దగ్గర ఆవిడ్ని దొంగ అందో ఆ ఇళ్లన్నిటికీ నన్ను తీసుకెళ్లి నా నోటితోనే చెప్పించింది. ఏడిళ్లు. ఏడో ఇంటి ముందు నా గొంతు పెగల్లేదు, పిన్నే అందుకుంది. ఆ రాత్రి గుంటూరు బస్సులో పడి నిద్రపోయాను, తెనాలి ఎప్పుడు దాటిందో తెలియదు.

మీరు ఎవరి గడప తొక్కాలో మీకు తెలిసే ఉంటుంది. వెళ్తే వాళ్లు క్షమిస్తారని మాత్రం నేను మాటివ్వలేను. ఆవిడ ఇప్పటికీ ఆ మాట అనలేదు. క్రిస్మస్‌కి అరిసెలు పట్టుకెళ్తే తీసుకుంటుంది, కూర్చోమంటుంది.