నడుం నొప్పి కాలిలోకి దిగితే...

ప్రశ్న: మా వారికి 38 ఏళ్లు. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తారు. పది రోజుల కిందట ఒకటి ఎత్తబోతే నడుం పట్టేసింది. ఇప్పుడు నడుం కంటే ఎడమ కాలే ఎక్కువ లాగుతోంది, దగ్గితే జివ్వుమంటోంది. నడుం తొక్కిస్తే సర్దుకుంటుందని ఇరుగుపొరుగు అంటున్నారు. తొక్కించమంటారా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: వద్దమ్మా, తొక్కించొద్దు. ఉత్త కండరం పట్టేస్తే నొప్పి నడుం దగ్గరే, మహా అయితే పిరుదు దాకా ఉంటుంది. వంగితే కలుక్కుమంటుంది, రెండు మూడు వారాల్లో చాలామందికి తగ్గిపోతుంది. మీ వారిది అలా లేదు. కాలు లాగడం, దగ్గుకు జివ్వుమనడం చూస్తే వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ ఉబ్బి నరాన్ని ఒత్తుతున్నట్టుంది. అంత బరువును వంగి, నడుం మెలితిప్పుతూ లేపితే వచ్చే తంటా ఇదే.

నొప్పి ఎక్కడిదాకా దిగుతోందో వేలితో గీసి చూపించమనండి. పిక్క బయటివైపుగా పాదం పైకి, బొటనవేలికి వస్తే సాధారణంగా ఒత్తిడి పడింది ఎల్5 నరం మీద (నడుం దగ్గర వెన్ను నుంచి కాలికి దిగే నరాల్లో ఒకటి). మడమకు, చిటికెన వేలికి దిగితే దాని కింది నరం ఎస్1. తర్వాత గోడ పక్కన మడమల మీద పదడుగులు, మునివేళ్ల మీద పదడుగులు నడిపించండి. ఎడమ పాదం పైకి లేవకుండా జారిపోతుంటే రేపటికి వాయిదా వేయకండి, ఎముకల డాక్టరుకో న్యూరోసర్జన్‌కో చూపించండి. మూత్రం రాకపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా, రెండు కాళ్లూ బలం తప్పినా అర్ధరాత్రయినా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లాల్సిందే.

ఇవేవీ లేకపోతే కంగారు పడొద్దు. ఈ నొప్పి ఎక్కువమందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే నెమ్మదిస్తుంది. అందాకా ఎంఆర్‌ఐకి తొందర లేదు. ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్‌లోనూ డిస్క్ ఉబ్బు కనిపిస్తుంటుంది. బరువులు ఆపాలి, కానీ మంచానికి అతుక్కుపోకూడదు. గంటకోసారి లేచి ఇంట్లోనే నాలుగడుగులు వేయాలి. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద దిండు పెట్టండి. కాపడం పదిహేను నిమిషాలు చాలు, స్పర్శ తగ్గిన చోట మాత్రం వద్దు, తెలియకుండా కాలుతుంది. బీపీ, కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉంటే మందుల షాపులో నొప్పి మాత్రలు అడిగి వేయొద్దు.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు నడుస్తుంటే కాళ్లు బరువెక్కి, కూర్చుంటే తేలికపడితే అది వెన్ను కాలువ ఇరుకైన నొప్పి, వేరే సంగతి. కుర్రవాళ్లకు పొద్దున్నే అరగంటకు పైగా నడుం బిగిసి, తిరిగితే సడలుతుంటే రుమటాలజిస్టును (కీళ్లవాతం డాక్టరును) కలవాలి.

మళ్లీ యార్డుకెళ్లాక టిక్కీని ఒంటికి ఆనించుకుని, మోకాళ్లు వంచి లేపమనండి. తిరగాల్సి వస్తే పాదాలు తిప్పాలి, నడుం కాదు. మొదటి వారాల్లో ఇద్దరు కలిసి ఎత్తాలి.