తాళంచెవి మీ దగ్గర, కెమెరా ఇంకొకరి దగ్గర

ప్రశ్న: వేసవి సెలవుల్లో విజయవాడ నుంచి పది రోజులు కాశీ వెళ్లాం. ముందురోజే హాల్లో వైఫై కెమెరా పెట్టించాం. బిగించిన అబ్బాయే తన ఫోన్లో సెట్ చేసి నాకు షేర్ చేశాడు. రైలెక్కినప్పటి నుంచి యాప్‌లో ఒకటే మాట, ‘ఆఫ్‌లైన్’. దర్శనంలో కూడా టెన్షనే. కెమెరా పాడైందంటారా?

జవాబు: సెలవులు అయ్యేసరికి ఈ ఉత్తరం ఏటా వస్తుంది, ఊరి పేరు ఒక్కటే మారుతుంది. గ్యాస్ కట్టేసి, మెయిన్ ఆపేసి, తాళం రెండుసార్లు లాగి చూసుకుని బయల్దేరి ఉంటారు. మెయిన్‌తో పాటే రౌటరూ ఆగింది, కెమెరా కూడా. ఈసారి ఆ రెండూ ఉన్న లైను ఎంసీబీ (కరెంటు పెట్టెలో ఒక్కో లైనుకూ ఉండే చిన్న స్విచ్) ఒక్కటీ వదిలి మిగతావి దించండి. కరెంటు పోతుందనుకుంటే రెండింటినీ ఇన్వర్టర్ మీద వేయించండి. మెమరీ కార్డునే నమ్ముకోకండి. దొంగ కెమెరా పీకితే కార్డు కూడా దాంతోపాటే పోతుంది.

అది చిన్న సంగతి. మీరు మాటవరసకు రాసిన ‘తన ఫోన్లో సెట్ చేసి’ దగ్గరే నాకు గుండె గుభేలుమంది. అంటే ఆ కెమెరాకు యజమాని అతను, మీరు అతిథి. మీ హాల్లో ఎవరున్నారో, అసలు ఎవరూ లేరో అతని ఫోన్లో కనిపిస్తుంది. అబ్బాయి మంచివాడే కావచ్చు. రేపు ఆ ఫోన్ అమ్మేస్తే? ఎక్కడో పోగొట్టుకుంటే? వెంటనే పిలిచి, మీ కళ్లముందే అతని ఖాతాలోంచి కెమెరాను తీసేయించండి. చాలా కెమెరాలు పాత ఖాతా వదలనిదే కొత్తదానికి ఎక్కవు, ఉత్త రీసెట్ సరిపోదు. తర్వాత మీ నంబరుతో, మీ చేత్తో మళ్లీ జోడించి, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటిది కూడా అడిగేది) పెట్టుకోండి. బిగించినందుకు డబ్బులింకా ఇవ్వకపోతే ఇదంతా అయ్యాకే ఇవ్వండి.

డీవీఆర్ (కెమెరాల దృశ్యాలు రికార్డు చేసే పెట్టె) ఉన్నవాళ్ల సంగతి ఇంకా ఘోరం. ‘అడ్మిన్’ అనే పాస్‌వర్డ్‌తోనే ఏళ్ల తరబడి నడిపేస్తారు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) ఇలాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు అరవైకి పైగా ఉన్న జాబితా పట్టుకుని ప్రపంచవ్యాప్తంగా కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి చొరబడింది. అక్టోబరు 21న వాటితో ఒక్కుమ్మడిగా దాడి చేయించి అమెరికాలో పెద్ద పెద్ద సైట్లను గంటలపాటు పడుకోబెట్టింది. పాస్‌వర్డ్ మార్చనిదే ఆన్ కాకుండా కెమెరా తయారుచేయడం అంత కష్టమా? మన కాంటాక్టులు, లొకేషన్ ఇవ్వందే యాప్ మాత్రం ముందుకు కదలదు! ఇంటర్నెట్‌కు కలిసే సీసీ కెమెరాలకు భద్రతా పరీక్ష ఉండాలన్న నిబంధన మన దేశంలో 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చింది, సంతోషం. కానీ ఇప్పటికే గోడలకు వేలాడుతున్న వాటిని ఎవరు పరీక్షిస్తారు?

అన్నట్టు, ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్లకోసం ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) అని ఒకటి తెచ్చారు. ఊరెళ్తున్నామని చెబితే కెమెరా వాళ్లే పెడతారు. ఇంట్లో అలికిడైతే కబురు కంట్రోల్ రూమ్‌కు వెళ్తుంది. ఈసారి వెళ్లేముందు మీ స్టేషన్లో అడగండి.

ప్రశ్న: మేం ఊళ్లో లేనప్పుడు డిజిటల్ తాళం బ్యాటరీ అయిపోతే లోపలికి ఎలా వెళ్లాలి?

జవాబు: చాలా తాళాలకు బయటివైపు, కింద అంచున రెండు చిన్న మెటల్ చుక్కలుంటాయి. 9 వోల్టుల బ్యాటరీ ఆనించి పట్టుకుని పిన్ కొడితే తెరుచుకుంటుంది. కొన్నిటికి అక్కడే టైప్‌-సి రంధ్రం ఉంటుంది, పవర్ బ్యాంక్ చాలు. బయల్దేరే ముందు కొత్త ఆల్కలైన్ సెల్స్ వేయండి. తాళంతో పాటిచ్చిన మామూలు తాళంచెవి భద్రంగా ఉంటుందని బీరువాలో పెట్టి వెళ్లినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. వాళ్లలో ఒకరు మా బావగారు.