బోల్టులు పక్కకి జరిగితే బెజ్జాలు కోసేయొచ్చా?

ప్రశ్న: ఛత్రపూర్ దగ్గర ఒక స్టీల్ షెడ్డుకి కొత్తగా సైట్ ఇంజనీరుగా చేరాను. కాంక్రీటు గట్టిపడ్డాక చూస్తే ఒక పెడెస్టల్‌లో (కాలమ్‌ను నిలిపే కాంక్రీటు దిమ్మలో) కాలమ్‌ను పట్టి ఉంచే నాలుగు ఎం24 (24 మి.మీ. మందం) యాంకర్ బోల్టులూ 12 మి.మీ. తూర్పుకి ఉన్నాయి. మిగతా పెడెస్టళ్లు ఇంకా పోయలేదు. గ్యాస్‌తో కాల్చి వంచేద్దామని ఫోర్‌మన్, కాలమ్ అడుగున ఉండే బేస్ ప్లేటు బెజ్జాలు పెద్దవిగా కోసేద్దామని ఫిట్టర్ అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: రెండూ ఆపించండి. ముందు టెస్ట్ సర్టిఫికెట్‌లో బోల్టు గ్రేడు చూడండి. 8.8 (ఎక్కువ బలమున్న రకం) అయితే మంట తగిలిన చోట బలం పోతుంది, పైకి మాత్రం ఏమీ కనబడదు. 4.6 (మామూలు ఉక్కు) అయినా వంచిన బోల్టు, పైకి లాగుడు రాగానే తిన్నగా అవబోయి కాంక్రీటు అంచును పగలగొడుతుంది. లాగుడెక్కడిది, షెడ్డు బరువు కిందికే కదా అనుకోకండి. మీ గంజాం జిల్లా తీరంలో డిజైన్‌కి మొదలుగా తీసుకునే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. తీరం నుంచి 60 కి.మీ. లోపు పారిశ్రామిక కట్టడాలకు గాలి భారాల భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం (2015) దాన్ని మరో 1.15తో హెచ్చించమంటుంది. 2013లో ఫైలిన్ తుఫాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. గాలివైపు పెద్ద తలుపు తెరిచి ఉంటే రేకుల కప్పు పైకి లేస్తుంది. అప్పుడు పట్టి ఉంచేవి ఈ బోల్టులే.

నాలుగూ ఒకే వైపు, ఒకే కొలతలో జరగడం మీ అదృష్టం. కాలమ్ ఇంకా ఫ్యాక్టరీలోనే ఉంటే బేస్ ప్లేటునే 12 మి.మీ. జరిపి వెల్డ్ చేయించవచ్చు. ఉదాహరణకి 200 కిలోన్యూటన్ల (సుమారు 20 టన్నుల) భారానికి అదనపు మొమెంట్ (వంచే ప్రభావం) 2.4 కిలోన్యూటన్ మీటర్లే. అయినా డిజైనర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కాలమ్ సైటుకి వచ్చేసి ఉంటే, ఆయన అనుమతితోనే బెజ్జాలను డ్రిల్‌తో పొడిగించి, బోల్టు కంటే 2 మి.మీ. మాత్రమే పెద్ద బెజ్జం ఉన్న మందపాటి ప్లేట్ వాషర్‌ను పైన పెట్టి చుట్టూ వెల్డ్ చేయాలి. ప్లేటు అంచుకి మిగిలే దూరం కూడా కొలవండి.

మిగతా పెడెస్టళ్లు ఇంకా పోయలేదుగా, అసలు పని అక్కడ. టెంప్లేట్‌ను (బోల్టులను సరైన చోట పట్టి ఉంచే బెజ్జాల పలకను) ఊచలకి కట్టేస్తారు, వైబ్రేటర్ తగలగానే ఊచలతోపాటు అదీ కదులుతుంది. పైనొకటి, కిందొకటి రెండు టెంప్లేట్లు పెట్టి, షటరింగ్‌తో (పోత అచ్చుతో) సంబంధం లేని ఫ్రేముకి బిగించండి. కాంక్రీటు ఒక పక్కనుంచే పోయనివ్వకండి. టోటల్ స్టేషన్‌తో (సర్వే కొలతల పరికరంతో) పోతకు ముందు ఒకసారి, కాంక్రీటు ఇంకా పచ్చిగా ఉండగా మరోసారి చూడండి. ఈ రెండోది మానేసేవాళ్లే ఎక్కువ. పెడెస్టల్ పైన బోల్టు ఎంత మిగలాలన్నది గ్రౌట్ (ప్లేటు కింద నింపే పోత) 40, ప్లేటు 25, వాషర్ 10, రెండు నట్లు 44, పైన మర 15 కలిపితే 134 మి.మీ.

ప్రశ్న: 10 టన్నుల ఎలక్ట్రిక్ క్రేన్ నడిచే గర్డర్ (దూలం) డిజైన్ బలానికి సరిపోయినా చెకింగ్‌లో వెనక్కొచ్చింది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, రాజురా, చంద్రపూర్ జిల్లా

జవాబు: బరువుకి గర్డర్ ఎంత కిందికి వంగుతుందో చూసి ఉండరు. 50 టన్నుల లోపు ఎలక్ట్రిక్ క్రేన్‌కి ఉక్కు కట్టడాల ప్రమాణం ఐఎస్ 800 పరిమితి స్పాన్‌లో (రెండు ఆధారాల మధ్య దూరంలో) 750వ వంతు. అంటే 7.5 మీటర్లకు 10 మి.మీ. చేత్తో నడిపే క్రేన్‌కైతే 500వ వంతు. అడ్డంగా వచ్చే తోపు, అంటే ట్రాలీ, ఎత్తే బరువు కలిపిన దానిలో 10 శాతం, కూడా లెక్కలో ఉందో లేదో చూసుకోండి.